జీవాక్షరములను చదువు విద్య

పులివెందుల ప్రాంతమున, వేముల మండలములో తుమ్మలపల్లె అను చిన్న ఊరు ఉన్నది. పేరు తుమ్మచెట్లది, ప్రసిద్ధి మాత్రము రాళ్లది. వేంపల్లె శిలలని భూగర్భ శాస్త్రజ్ఞులు పిలుచు సున్నపురాతి పొరలు ఆ నేలక్రింద పరచుకొని ఉన్నవి. ఆ పొరలలో యురేనియము ఇమిడియున్నది. 2007లో అచట గనికి శంకుస్థాపన జరిగినది. 2012లో ఖనిజమును శుద్ధిచేయు కర్మాగారము పని ఆరంభించినది. అంతకుముందు జిల్లా దాటి వినబడని ఊరిపేరు, అటుపిమ్మట దేశమంతటను వినవచ్చినది.

ఆ శిలలకు యురేనియము కాక మరియొక విశేషము కూడ ఉన్నది. అవి 180 కోట్ల సంవత్సరములకు పైబడినవి. వానిలో అక్కడక్కడ, ఉల్లిగడ్డను అడ్డముగా కోసినప్పుడు కనబడునట్లు, పొరమీద పొరగా గుండ్రని ఆకృతులు కనబడును. స్ట్రోమటోలైట్లని వాని పేరు. లోతులేని సముద్రజలములో సూక్ష్మజీవులు జిగురు చాపవలె పరచుకొని, బురదను పట్టి నిలిపి, తరతరములుగా కట్టిన కట్టడములవి. చెట్టుగాని, చేపగాని, పక్షిగాని పుట్టని కాలమున అచట కాపురమున్నవి ఆ జీవులే. కంటికానని ఆ కుటుంబములకు దూరపు వారసులు నేటికిని నేలలోను నీటిలోను ఉన్నవి.

గని చుట్టునున్న పల్లెలకు నీటిని గూర్చిన బెంగ పట్టుకొని చాలకాలమైనది. ఖనిజమును శుద్ధిచేసిన పిమ్మట మిగులు బురదను నిలువచేయుటకు ఒక చెరువు కట్టినారు. దాని వలన తమ బోరునీరు చెడినదనియు, అరటితోటలు దెబ్బతిన్నవనియు కణంపల్లె, మబ్బుచింతలపల్లె, కె.కె. కొట్టాల వంటి ఊళ్ల రైతులు పలుమారులు మొరపెట్టుకొన్నారు. అది తమ వలన కాదని గని నిర్వాహకులు చెప్పినారు. ఎవరిది ఒప్పో తీర్పు చెప్పుట ఈ వ్యాసపు పని కాదు. లీటరు నీటిలో ఎన్ని మైక్రోగ్రాముల యురేనియమున్నదో రసాయన శాస్త్రజ్ఞుడు కొలిచి చెప్పగలడు; త్రాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన తాత్కాలికమైన హద్దు 30 మైక్రోగ్రాములు. కాని ఆ కొలతతో తీరని ప్రశ్న ఒకటి మిగిలియున్నది. ఆ మట్టిలో, ఆ నీటిలో బ్రతుకుచున్న జీవులెవ్వి? అవి ఆ లోహముతో ఏమి చేయుచున్నవి? ఈ ప్రశ్నకు తూకపురాయి సమాధానము చెప్పదు. ఆ జీవులు తమలో మోయుచున్న వ్రాతను చదువవలెను. ఆ చదువునకే జీవ సమాచార శాస్త్రమని పేరు. ఇంగ్లీషులో దానిని బయోఇన్ఫర్మేటిక్స్ అందురు.

ఈ పేరు విన్నంతనే సామాన్యముగ జనులకు తట్టునది కంప్యూటరు. కంప్యూటరు ఉన్నమాట నిజమే. కాని దీపపు వెలుగున కావ్యము చదివిన పండితుని విద్యను ఎవరును దీపవిద్య అనలేదు. కనుక ముందుగా ఆ వ్రాత యెట్టిదో చూచుట మేలు.

మనిషి గాని, మర్రిచెట్టు గాని, మట్టిలోని సూక్ష్మజీవి గాని, తన శరీరమును నిర్మించుకొని నడపుకొను విధానము డి.ఎన్.ఎ. అను సన్నని పోగులో వ్రాయబడి యున్నది. ఆ వ్రాతకు అక్షరములు నాలుగే. ఎ, టి, జి, సి అని వానిని గుర్తింతురు. ఏబదియారు అక్షరములు దిద్దిన తెలుగు బాలునకు నాలుగక్షరముల భాష ఒక లెక్కలోనిది కాదనిపించును. చిక్కు అక్షరముల సంఖ్యలో లేదు. వ్రాత పొడవులో ఉన్నది. ఒక సాధారణ సూక్ష్మజీవి వ్రాత లక్షలలో ఉండును. మనిషి వ్రాత దాదాపు 300 కోట్ల అక్షరములు. పదమునకు పదమునకు నడుమ ఎడము లేదు, పేరాలు లేవు. పనికివచ్చు మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో గుర్తుపట్టుటయే మొదటి పరీక్ష.

తాళపత్ర గ్రంథములు చూచిన వారికి ఈ అవస్థ కొత్త కాదు. అందులోను పదముల మధ్య ఎడముండదు. ఈ సందర్భమున కడప పట్టణమునకు ఒకమారు పోయి రావలసి యున్నది.

1820లో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కుంఫిణీ ఉద్యోగిగా కడపకు వచ్చినాడు. తరువాతి కాలమున అక్కడనే ఒక బంగళా కొని, స్వంత ధనము వెచ్చించి, పండితులను లేఖకులను నియమించి, ఊరూరి నుండి తాళపత్రములను తెప్పించి ప్రతులు వ్రాయించినాడు. ఒక కావ్యమునకు పది ప్రతులు దొరకినచో, పదియు పది తీరులుగా ఉండెడివి. ఒక లేఖకుడు అక్షరము విడుచును. ఒకడు పంక్తి దాటును. ఒకడు తనకు తెలియని మాటను తెలిసిన మాటగా దిద్దును. చేయి దురదపెట్టిన వాడు తన పద్యమొకటి చేర్చును. ఆ ప్రతులను ప్రక్కప్రక్కన పెట్టుకొని, పాఠాంతరములను గుర్తించి, కవి వ్రాసినది ఏదై యుండునో నిర్ణయించుట పండితుల పని. 1829లో వేమన పద్యములు అచ్చుపడుటకు వెనుక ఉన్నది ఇట్టి శ్రమయే.

జీవ సమాచార శాస్త్రజ్ఞుని నిత్యకృత్యము ఇంతకంటె భిన్నమైనది కాదు. ప్రాణులు కూడ ప్రతులే. తల్లి వ్రాతను బిడ్డ నకలు చేసికొనును. ఆ నకలులో ఎక్కడనో ఒక అక్షరము మారును, ఒకటి జారిపోవును, ఒక్కొక్కప్పుడు పంక్తికి పంక్తియే రెండుమారులు వ్రాయబడును. రెండు తాళపత్ర ప్రతులలో ఒకేచోట ఒకే తప్పు కనబడినచో, ఆ రెండును ఒకే మాతృక నుండి వచ్చినవని పండితుడు ఊహించును. జీవశాస్త్రజ్ఞుడు కూడ అట్లే ఊహించి ప్రాణుల వంశవృక్షమును గీయును. ఇది అలంకారమునకై చెప్పిన పోలిక కాదు. ప్రాణుల వంశవృక్షములు గీయుటకు ఏర్పడిన కంప్యూటరు పద్ధతినే తీసికొని, 1998లో ఇంగ్లండు విద్వాంసులు కొందరు చాసరు కవి కాంటర్బరీ కథలలోని ఒక భాగమునకు దొరకిన 58 వ్రాతప్రతుల చుట్టరికమును తేల్చినారు. సాహిత్యము నుండి జీవశాస్త్రమునకు పోయిన ఉపాయము వడ్డీతో తిరిగివచ్చినదనవచ్చును.

ప్రతులను సరిపోల్చుట ఎట్టిదో నల్లబల్ల మీద చూపవచ్చును. మొదటి ప్రతిలో ఎ, టి, జి, సి, టి, ఎ అని ఆరక్షరములున్నవి. రెండవ ప్రతిలో ఎ, టి, సి, టి, ఎ అని అయిదే. ఒకదాని క్రింద ఒకటి వరుసగా వ్రాసినచో మొదటి రెండక్షరములే కలియును, తక్కినవన్నియు తప్పును. రెండవ ప్రతిలో టి తరువాత ఒక గడి ఖాళీగా విడిచినచో అయిదక్షరములును కలియును. అనగా జి అను అక్షరము నకలులో జారిపోయినదన్నమాట. ఆరక్షరములలో ఖాళీ ఎక్కడ విడువవలెనో కంటికే తెలియును. ఆరువేల అక్షరములైనచో? ఖాళీలు విడువదగిన తీరులు లెక్కకందకుండ పెరుగును. ఆ తీరులన్నిటిని ఒక్కొక్కటిగా చూడనక్కరలేకుండ, గడుల పట్టికపై అంచెలంచెలుగా మార్కులు కూడుకొనుచు, అన్నిటికంటె మెరుగైన పొంతనను పట్టుకొను ఉపాయమును 1970లో సాల్ నీడిల్‌మన్, క్రిస్టియన్ వున్ష్ అను శాస్త్రజ్ఞులిద్దరు ప్రకటించినారు. పదవ తరగతి లెక్కలు వచ్చిన విద్యార్థి ఆ పట్టికను కాగితముపై నింపగలడు. 1990లో బ్లాస్ట్ అను సాధనము వచ్చినది. అది పొంతనలో కొంత నిశితత్వమును వదలుకొని, బదులుగా వేగమును సంపాదించినది. నేడు ఏ ప్రయోగశాలలోనైనను కొత్త వ్రాతపంక్తి చేతికి వచ్చినచో, దీనిని పోలినది లోకములో ఇంకెక్కడనైనను ఉన్నదా అని మొట్టమొదట అడుగునది ఇట్టి సాధనమునే.

కంప్యూటర్లు గదులంత పెద్దవై యున్న దినములలోనే ఈ విద్యకు బీజము పడినది. ఇన్సులిన్ అను ప్రోటీనులోని 51 అక్షరముల వరుసను తేల్చినందులకు ఫ్రెడరిక్ సాంగర్‌కు 1958లో నోబెల్ బహుమతి వచ్చినది. ప్రోటీనుల భాష వేరు. దానికి 20 అక్షరములు. అప్పటివరకు తెలిసిన ప్రోటీను వ్రాతలనన్నిటిని సేకరించి, 65 ప్రోటీనులతో ఒక సంపుటమును 1965లో అమెరికాలో మార్గరెట్ డేహాఫ్ వెలువరించినది. ఇది లోకముచేత అంతగా గుర్తింపబడని పని. కొత్త వ్రాతను తానుగా కనుగొనక, ఇతరులు కనుగొన్నవానిని పోగుచేయుట కూడ ఒక శాస్త్రమా అని నాడు చప్పరించినవారు లేకపోలేదు. కాని పోగుచేసి ప్రక్కప్రక్కన పెట్టిననాడు గదా ఏ అక్షరము ఏ అక్షరముగా తరచు మారునో, ఏది ఎన్నటికిని మారదో తెలిసినది! బయోఇన్ఫర్మేటిక్స్ అను మాటయే 1970లో గాని పుట్టలేదు. దానిని పుట్టించినవారు హాలెండు దేశీయులు పౌలిన్ హోగెవెగ్, బెన్ హెస్పర్.

దక్షిణ భారతమునకు ఇందులో గర్వింపదగిన పాలు ఉన్నది. ప్రోటీను పోగు ఏయే కోణములలో వంగగలదో, ఏయే కోణములలో వంగజాలదో లెక్కగట్టి, మదరాసు విశ్వవిద్యాలయములో జి.ఎన్. రామచంద్రన్, తన సహచరులు రామకృష్ణన్, శశిశేఖరన్‌లతో కలిసి 1963లో ఒక పటమును ప్రకటించినారు. నేటికిని ప్రపంచమున ఎక్కడ ఏ ప్రోటీను ఆకృతి తేల్చినను, దానిని రామచంద్రన్ పటముతో సరిచూచుకొనుట ఆచారము. అక్షరముల వరుసను బట్టియే ఆకృతిని కంప్యూటరు ఊహించు స్థితి ఇటీవల వచ్చినది. 2024 సంవత్సరపు రసాయన శాస్త్ర నోబెల్ బహుమతిలో సగము ఆ పనికే, డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్‌లకు లభించినది.

ఇంతకును ఈ చదువు ఎందులకు? వ్రాత చేతికి వచ్చిన తరువాత అందులో మాటలెక్కడ ఉన్నవో గుర్తించుట, ఒక్కొక్క మాట ఏ పని చేయునో తెలిసికొనుట, ఏ జీవికి ఏ జీవి చుట్టమో తేల్చుట అని పాఠ్యపుస్తకములు చెప్పును. అవి నిజములే. కాని అందు నడిమిది మిక్కిలి తొందరపాటుతో సాగుచున్న పని. కొత్తగా దొరకిన మాటను, తెలిసిన మాటతో పోల్చి, పోలిక ఉన్నది గనుక పని కూడ అదేయని చీటీ అంటింతురు. ఆ చీటీని చూచి మరియొకరు మరియొక మాటకు అదే చీటీ అంటింతురు. మొదటి చీటీ తప్పైనచో, ఆ తప్పు వేయి నకళ్లకు ప్రాకును. పూర్వపు లేఖక దోషము ఇంత వేగముగ పోలేదు. తాటాకు మీద గంటముతో వ్రాయవలసి యుండెను గదా! బ్రౌన్ కొలువులోని పండితునకు అక్షరములు పోల్చు కన్ను మాత్రమే ఉన్నచో చాలెడిది కాదు. ఛందస్సు, వ్యాకరణము, లోకవ్యవహారము తెలియవలసి యుండెను. ఈ పాఠము ఇక్కడ పొసగదని చెప్పగల శక్తి వానినుండి వచ్చినది. ఈ శాస్త్రములో ఆ శక్తి మట్టిని, మొక్కను, రోగిని ఎరిగినవానికే వచ్చును.

మరల తుమ్మలపల్లెకు వత్తము. మట్టిలోని సూక్ష్మజీవులలో అధికభాగము ప్రయోగశాల పళ్లెములో పెరుగవు. పెంచి చూడవలెనన్న పట్టుదలతో కూర్చున్నచో వానిని ఎన్నటికిని చూడజాలము. 1977లో కార్ల్ వోస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, ప్రోటీనులు తయారుచేయు యంత్రాంగములోని ఒకానొక వ్రాతభాగము జీవులన్నిటిలోను ఉన్నదనియు, దానిలోని పాఠాంతరములను బట్టి జీవుల కుటుంబములను పోల్చుకొనవచ్చుననియు చూపినాడు. సూక్ష్మజీవులలో ఆ భాగము సుమారు 1500 అక్షరములు. గుప్పెడు మట్టి నుండి డి.ఎన్.ఎ.ను వడిచి, ఆ భాగములను మాత్రము చదివి, భాండాగారములోని ప్రతులతో పోల్చినచో, ఆ మట్టిలో ఏయే కుటుంబములు ఏపాటి బలగముతో ఉన్నవో తెలియును. జీవిని కంటితో చూడకుండనే దాని ఇంటిపేరు చెప్పు విద్య ఇది.

యురేనియము విషయమున ఈ ఇంటిపేర్లకు విలువ ఉన్నది. ఆ లోహము ఒక స్థితిలో నీటిలో కరగి ప్రవహించును. మరియొక స్థితిలో కరగక రాయివలె నిలిచిపోవును. కరగు స్థితి నుండి కరగని స్థితికి దానిని మార్చగల సూక్ష్మజీవులున్నవని 1991లో డెరెక్ లవ్లీ, అతని సహచరులు ప్రకటించినారు. జియోబాక్టర్ అనునది అట్టి కుటుంబములలో నొకటి. అమెరికాలోని కొలరాడో రాష్ట్రములో, రైఫిల్ అను ఊరివద్ద, పూర్వము యురేనియము శుద్ధిచేసిన చోట, 2002లో భూజలములోనికి అసిటేటు అను ఆహారమును పంపి చూచినారు. జియోబాక్టర్ సంతతి పెరిగినది. నీటిలో యురేనియము తగ్గినది. కొన్ని వారములైన పిమ్మట వేరొక కుటుంబపు జీవులు ముందునకు వచ్చినవి. యురేనియము మరల పెరిగినది. ఎవరు తగ్గి ఎవరు పెరిగినారో వ్రాత చదివినందువలననే తెలిసినది. లేనిచో యంత్రము చెడినదనుకొని ఊరకుందురు.

కొలరాడోలో పనిచేసిన ఉపాయము కడప జిల్లాలో పనిచేయునని ఎవరైనను చెప్పినచో నమ్మరాదు. తుమ్మలపల్లె రాయి సున్నపురాయి. అచట యురేనియమును తీయునది ఆమ్లముతో కాదు, సోడియము కార్బొనేటు వంటి క్షారముతో. కార్బొనేటు, కాల్షియము ఉన్న నీటిలో యురేనియము వానితో జతకట్టి కరగియే ఉండ జూచును. సూక్ష్మజీవులకు సులభముగ చిక్కదు. బొంబాయిలోని భాభా అణు పరిశోధనా కేంద్రపు జీవశాస్త్రజ్ఞులు ఈ తేడాను గుర్తెరిగి పనిచేసినారు. తీవ్రమైన అణుధార్మికతను తట్టుకొని బ్రతుకు డైనోకాకస్ అను సూక్ష్మజీవి ఉన్నది. దాని వ్రాత, సుమారు 33 లక్షల అక్షరములు, 1999లో ప్రకటింపబడినది. దానిలో వేరొక జీవి నుండి తీసిన ఒక జన్యువును చేర్చి, నీటిలోని యురేనియమును ఫాస్ఫేటు రూపమున పేరుకొనునట్లు చేయవచ్చునని 2006లో వారు చూపినారు. ఆ జన్యువు క్షారజలములో చాలదు. స్ఫింగోమొనాస్ అను మరియొక జీవిలో, క్షారములో పనిచేయు జన్యువు వారికి దొరకినది. 2008లో దానిని వెల్లడించి, 2013 నాటికి దానిని కూడ డైనోకాకస్‌లో నిలిపి పనిచేయించినారు. ఇవి ప్రయోగశాలలోని ఫలితములు. పొలము గట్టుమీదికి వచ్చినవి కావు. అయినను ప్రశ్న ఎట్లు మారినదో గమనింపదగినది. యురేనియమును పట్టు జీవి ఏది అన్నది మొదటి ప్రశ్న. క్షారజలములో పట్టునది ఏది అన్నది రెండవది. రెండవ ప్రశ్నను పుట్టించినది కంప్యూటరు కాదు, నీటి గుణము తెలిసిన బుర్ర.

తుమ్మలపల్లె నేలను చదువదలచిన విద్యార్థి, చెరువు కట్టవద్ద గుప్పెడు మట్టి తీసికొన్న మాత్రమున ఏమియు తేలదు. అదే తీరు రాతినేల గల దూరపు ఊరి మట్టియు కావలెను. వానకు ముందొకసారి, వెనుకొకసారి తీయవలెను. ప్రతి నమూనాకు ప్రక్కన రసాయనపు కొలత ఉండవలెను. అంతయు అయిన పిమ్మట సూక్ష్మజీవుల పట్టిక చేతికి వచ్చును. అది సాక్ష్యములలో నొకటి అగునే గాని న్యాయాధిపతి కాదు. దోషమెవరిదో జియోబాక్టర్ చెప్పదు. ఈ పరిమితిని గుర్తెరిగి పనిచేసినవాని మాటకే పల్లెలోను, కచ్చేరీలోను విలువ ఉండును.

గనిని విడిచి ఉత్తరముగా జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు పోయినచో నల్లరేగడి వచ్చును. అక్టోబరు, నవంబరు మాసములలో అక్కడ శనగ విత్తుదురు. వానలు వెనుకబట్టిన తరువాత విత్తిన ఆ పైరు, నేల దాచుకొన్న తేమతోనే బ్రతుకవలెను. కాయపట్టు వేళకు పైమట్టి ఎండి నెరియలు విచ్చును. అప్పుడు వేరు లోతుగా పోయిన మొక్క నిలుచును, తక్కినది వాడును. ఈ సంగతి రైతునకు తాతలనాడే తెలియును. తెలియనిది, ఆ లోతువేరు వ్రాత శనగ గింజలో ఏ పుటలో ఉన్నదన్నది.

1972లో హైదరాబాదు చేరువన పటాన్‌చెరువులో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థ నాయకత్వమున, పలుదేశముల వారు కూడి శనగ వ్రాతను 2013లో ప్రకటించినారు. అందులో 28,269 జన్యువులను గుర్తించినారు. అదే సంవత్సరము ఢిల్లీలోని జాతీయ వృక్ష జన్యు పరిశోధనా సంస్థ వారు దేశవాళీ శనగ వ్రాతను వేరుగ వెలువరించినారు. 2021 నాటికి 3,366 శనగ రకముల వ్రాతలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినారు. ఒక కావ్యమునకు 3,366 ప్రతులు దొరకిన పండితుని సంతోషమును ఊహించుకొనవచ్చును. అతని భయమును కూడ. ఐ.సి.సి. 4958 అను లోతువేరు రకములో, నాలుగవ క్రోమోజోముపై ఒకచోట, కరవును తట్టు గుణములు గుంపుగా ఉన్నట్లు కనుగొన్నారు. ఆ భాగమును ఆంధ్ర రైతులకు చిరపరిచితమైన జె.జి. 11 రకములోనికి సంకరము ద్వారా చేర్చి చూచినారు. ఇట్లే మరియొక రకములో చేర్చగా వచ్చిన పూసా 10216 అను విత్తనము 2019లో మధ్య భారతపు రైతులకు విడుదలయినది. ఇందులో పరాయి జన్యువు ఏదియు లేదు. శనగకు శనగనే సంకరము చేసినారు. కాని పూర్వము పిల్లమొక్కలను కాయపట్టు వరకు పెంచి, వేరు త్రవ్వి చూడవలసి యుండెను. నేడు లేతాకు తునక నుండి వ్రాత చదివి, కావలసిన భాగము వచ్చినదో లేదో మొలకనాడే తెలిసికొందురు. ఏండ్లు కలిసివచ్చినవి. రైతు పక్షమున చూచినచో ఈ విద్యకు ఇంతకు మించిన ప్రయోజనము చెప్పనక్కరలేదు.

కరోనా నాటి సంగతి చెప్పక విడుచుట న్యాయము కాదు. 2020 జనవరిలో ఆ వైరస్ వ్రాత, సుమారు 30 వేల అక్షరములు, లోకమునకు వెల్లడియైనది. 2021 మే నెలలో ఆంధ్రలో భయంకరమైన కొత్త రకము పుట్టినదని వార్తలు చెలరేగినవి. హైదరాబాదులోని సి.సి.ఎమ్.బి. శాస్త్రజ్ఞులు తాము చదివిన నమూనాలను ఆధారము చేసికొని, ఎన్440కె అను ఆ మార్పు కొత్తది కాదనియు, అప్పటికే తగ్గుముఖము పట్టి వేరొక రకమునకు చోటిచ్చుచున్నదనియు తెలిపినారు. వేరొక రకము వలన రావలసిన కష్టము వచ్చియే తీరినది గాని, భయపడవలసినది దేనికో తెలిసికొనుటకు ఆ చదువు ఉపకరించినది.

ఈ విద్యను అభ్యసింపదలచిన పల్లె విద్యార్థికి ఒక వెసులుబాటు ఉన్నది. 1982లో ఆరంభమైన జెన్‌బ్యాంకు మొదలగు భాండాగారములు అందరికిని ఉచితముగ తెరచియున్నవి. కేంబ్రిడ్జిలో కూర్చున్నవాడు చూచు పుటనే వేములలో కూర్చున్నవాడును చూడగలడు. ప్రొద్దుటూరు నుండి దూరము పోనక్కరలేదు. కడపలో 2006లో ఏర్పడిన యోగి వేమన విశ్వవిద్యాలయములో జీవ సాంకేతిక, జీవ సమాచార శాస్త్రముల శాఖ ఉన్నది. బ్రౌన్ బంగళా ఉండిన చోట వెలసిన గ్రంథాలయమును, భాషా పరిశోధన కేంద్రమును ఆ విశ్వవిద్యాలయమునకే చెందినవి. తాటాకు ప్రతులు, డి.ఎన్.ఎ. ప్రతులు ఒకే యాజమాన్యము క్రింద ఉండుట ఎవరును తలపెట్టి చేసినది కాదు. అయినను విద్యార్థి రెండింటిని చూచి రావచ్చును.

చిక్కు మరియొకచోట ఉన్నది. 2003లో మానవ జన్యువ్రాత పూర్తియైనదన్న కీర్తి వినబడిన దినములలో, ఈ పేరుతో కోర్సులు విరివిగా వెలసినవి. ఏ మీట నొక్కిన ఏ ఫలితము వచ్చునో కంఠస్థము చేసి పట్టము పుచ్చుకొన్నవారు కొందరు, పని దొరకక నిరాశపడినారు. మీటలు మూడేండ్లలో మారిపోవును. గణాంక శాస్త్రము, జీవశాస్త్రము, పైథాన్ వంటి కంప్యూటరు భాష ఒకటి, ఈ మూడును కొంతకొంతైనను చేతికి రావలెను. అందు గణాంకములను విడిచిపెట్టువారే హెచ్చు. 3,366 ప్రతులలో కాకతాళీయముగ కలిసిన అక్షరమేదో, కారణముండి కలిసిన అక్షరమేదో విడదీయునది ఆ గణాంకమే.

ఉన్నత పాఠశాలలో దీనికి ఓనమాలు దిద్దింపదలచిన ఉపాధ్యాయునకు కంప్యూటరు అక్కరలేదు. అర్థము లేని ముప్పది అక్షరముల పంక్తి నొకదానిని కాగితముపై వ్రాసి ఇద్దరు పిల్లలకు చూపవలెను. వారు త్వరత్వరగా నకలు చేయుదురు. ఒక్కొక్కరి నకలును చూచి మరి ఇద్దరు, వారి నకళ్లను చూచి మరి నలుగురు వ్రాయుదురు. అర్థము లేని పంక్తి గనుక తప్పులు తప్పక పడును. పిమ్మట పేర్లు చెరిపి, కాగితములను కలిపి, ఆటలో లేని పిల్లలకు ఇచ్చి, ఎవరిది చూచి ఎవరు వ్రాసినారో చెప్పుమనవలెను. మొదట అందరును తప్పులు తక్కువ ఉన్న కాగితమును వెదకుదురు. కొంతసేపటికి ఎవరో ఒక బాలిక, రెండు కాగితములలో ఒకేచోట ఒకే అక్షరము జారిపోయినదని చూపును. అక్కడనుండి కాగితములు నేలమీద కొమ్మలు కొమ్మలుగా పరచుకొనును. గంట కొట్టువేళకు ఏదైన ఒక కాగితము ఏ కొమ్మకును చెందక మిగిలినచో, దానిని పారవేయక దాచి, మరునాడు మరి రెండు నకళ్లు చేర్చి చూడవచ్చును.